వట్టి మనిషి కాని వేళ పరుగు, వేగం



గత నెలలో ఒక ఆదివారం ఉదయం, నానక్‌రామ్‌గూడలో కాపురముంటున్న నా చిరకాల మిత్రుని మనుమరాలు నాకు ఫోను చేసింది. ఆమెకు ఐదో నెల. "తాతగారూ, పరుగు మానెయ్యమని మీరు అనరని నాకు తెలుసు. నా సందేహం వేరు. నెల తప్పకముందు పది కిలోమీటర్లు అరవై ఐదు నిమిషాల్లో ముగించేదాన్ని. ఇప్పుడు ఎనభై దాటుతోంది. ప్రమాదం లేకుండా మళ్ళీ వేగం పెంచుకునే మార్గం ఏదైనా చెప్పండి" అని అడిగింది. ఆమె మాట పూర్తి కాకముందే వెనుక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "వట్టి మనిషి కాదు అన్నయ్యగారూ! మీరైనా గట్టిగా చెప్పండి, కాలు కదపవద్దని."

ఇద్దరికీ నేను చెప్పిన జవాబు ఒకటే. పరుగు మానవలసిన పనిలేదు, కానీ ఈ తొమ్మిది నెలలూ వేగాన్ని కోరవద్దు. ఆ జవాబు వెనుకనున్న కారణాలను మీకూ వివరించాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా అత్తగారి మాట తీసుకుందాం. ఆ భయాన్ని పెంచి పోషించినవారిలో నా వంటి వైద్యులూ ఉన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ గర్భిణికి ఏ చిన్న అనుమానం కలిగినా "మంచం దిగవద్దు" అని చీటీ మీద వ్రాసేవాడిని. అది జాగ్రత్త అనుకున్నాను. మంచానికి పరిమితం చేసినంత మాత్రాన నెలలు నిండని కాన్పు ఆగదనీ, పైగా కాళ్ళ రక్తనాళాలలో గడ్డలు కట్టే ముప్పు పెరుగుతుందనీ తరువాతి కాలంలో వైద్యశాస్త్రం తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు, ఇతర చిక్కులేవీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలని చెబుతున్నాయి. దానివలన గర్భకాలపు మధుమేహం, అధిక రక్తపోటు ముప్పు తగ్గుతుంది. కొలువులో రోజంతా కుర్చీకి అతుక్కుపోయే మన ఐటీ ఆడపడుచులకు ఈ సలహా మరీ అవసరం. గర్భానికి ముందునుంచే పరుగు అలవాటున్నవారు వైద్యురాలి అనుమతితో దానిని కొనసాగించవచ్చు. అలవాటు లేనివారు నడకతో మొదలుపెట్టాలి. గర్భిణిగా ఉండగా పరుగు కొత్తగా నేర్చుకోవడం తగదు.

ఇక మనుమరాలి ప్రశ్న. ఆమె వేగం ఎందుకు తగ్గింది? సోమరితనం వలన కాదు. గర్భిణి శరీరంలో రక్తపు పరిమాణం క్రమంగా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ద్రవం పెరిగినంతగా ఎర్ర కణాలు పెరగవు గనుక రక్తం పలచబడుతుంది. కూర్చుని ఉన్నప్పుడు సైతం గుండె నిమిషానికి పది నుంచి ఇరవై సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. పెరుగుతున్న గర్భాశయం ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడుతుంది. బరువు పెరిగి ముందుకు చేరడంతో నడుము వంపు మారుతుంది. హార్మోనుల ప్రభావంతో కీళ్ళ బంధనాలు సడలుతాయి. అంటే ఆమె గుండె అదనపు పని ఎప్పుడో మొదలుపెట్టింది, అది చేతి గడియారానికి తెలియదు. పాత వేగాన్ని ఇప్పుడు అందుకోవాలంటే పాత శ్రమ చాలదు, అంతకు ఎంతో మించి శ్రమించాలి.

అలా మించితే ఏమవుతుంది? నార్వే పరిశోధకులు 2012లో ప్రకటించిన ఒక అధ్యయనం ఇక్కడ చెప్పదగినది. ఒలింపిక్ స్థాయి క్రీడాకారిణులు ఆరుగురిని, గర్భం ఆరో నెల ప్రాంతంలో ఉండగా, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి పరీక్షించారు. తల్లి గుండె తన గరిష్ఠ వేగంలో 90 శాతం దాటినప్పుడు గర్భాశయానికి వెళ్ళే రక్తప్రవాహం సగానికన్నా తగ్గింది, శిశువు గుండె నెమ్మదించింది. పరుగు ఆపగానే కోలుకుంది. పరీక్షించినది ఆరుగురినే గనుక దీని నుంచి పెద్ద సిద్ధాంతాలు చేయలేం. శాశ్వత హాని జరిగిందని కూడా ఎవరూ అనలేదు. అయినా ఒలింపిక్ స్థాయి దేహాలలోనే ఇలా జరిగిందంటే, పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని తెల్లవారుజామున పరుగెత్తే మన పిల్లలు ఆ హద్దును తాకి చూడవలసిన అవసరం ఏమిటి? వేగం పెంచే శిక్షణ అంటేనే ఆ హద్దు వైపు పదే పదే వెళ్ళి రావడం కదా!

"మరి గర్భిణులు పోటీల్లో పరుగెత్తిన సంగతి?" అని మీరు అడగవచ్చు. నిజమే. అమెరికా పరుగుల రాణి అలీసియా మోంటానో 2014లో 34 వారాల గర్భంతో తమ జాతీయ పోటీలో 800 మీటర్లు పరుగెత్తింది. పత్రికలన్నీ ఆ ఫోటో వేశాయి. అయితే ఆమె తన అత్యుత్తమ సమయం కన్నా సుమారు 35 సెకన్లు ఎక్కువ తీసుకుని, తన బృందంలో చివరి స్థానంలో నిలిచిందన్న సంగతి చాలామంది గమనించలేదు. 2020 డిసెంబరులో బెంగళూరులో ఐదు నెలల గర్భిణి ఒకరు పది కిలోమీటర్లను 62 నిమిషాల్లో పూర్తి చేశారు. ఆమె ఏళ్ళ తరబడి పరుగు సాధన ఉన్న వ్యక్తి, మధ్యమధ్య నడిచారు కూడా. మన హైదరాబాదు బిడ్డ సానియా మీర్జా 2018 అక్టోబరులో తల్లి అయింది. తిరిగి మైదానంలోకి వచ్చి హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది 2020 జనవరిలో. పైచేయి సాధించడానికి ఆమె తొందరపడలేదు, ఏడాదికి పైగా ఆగింది. ఈ ముగ్గురి నుంచి మనం నేర్వవలసినది ఆ ఓర్పే.

మరి ఎంత వేగం క్షేమం? గడియారం కన్నా నమ్మదగిన కొలత మీ నోటిలోనే ఉన్నది. పరుగెడుతూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఆయాసం వస్తే నెమ్మదించాలి, నడవాలి. గుట్టలూ ఫ్లైఓవర్లూ ఎక్కి పరుగెత్తడం, వేగంగా కొంత దూరం ఆగి మళ్ళీ వేగంగా సాగే సాధన ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. ఎండ ముదరకముందే ముగించాలి, నీళ్ళు దగ్గర ఉంచుకోవాలి. మొదటి మూడు నెలల్లో ఒళ్ళు విపరీతంగా వేడెక్కడం శిశువుకు మంచిది కాదు. నానక్‌రామ్‌గూడ వాసులకు ఒక ప్రత్యేక మనవి. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌరఫలకాల కప్పుతో వచ్చిన సైకిలు బాట చూడముచ్చటగా ఉంటుంది, కానీ అది సైకిళ్ళ కోసం. వేగంగా వచ్చే సైకిలు తగిలి పడడం గర్భిణికి చిన్న విషయం కాదు. చదునైన పార్కు బాట మేలు.

పరుగు బూట్లు కట్టేముందు రక్తపరీక్ష చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే వైద్యురాలితో మాట్లాడాలి. మాయ కిందికి ఉన్నదని స్కానింగులో తేలినవారు, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, గుండెజబ్బు లేదా తీవ్ర రక్తహీనత లేదా గర్భవాతం ఉన్నవారు పరుగు తలపెట్టరాదు. దారిలో రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, క్రమంగా వచ్చే నొప్పులు, ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం, తీవ్రమైన తలనొప్పి, ఒక పిక్కలో వాపుతో కూడిన నొప్పి – వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. "ఇంకొక్క కిలోమీటరే కదా" అనుకోరాదు. కాన్పు తరువాత కూడా సుమారు మూడు నెలలు పరుగు జోలికి పోక, నడక, కటి కండరాల వ్యాయామాలతో మొదలుపెట్టాలి.

మరొక్క మాట. ఆ అమ్మాయి ఉండే అపార్టుమెంటు పక్కనే కొత్త భవనం లేస్తున్నది. అక్కడ నిండు కడుపుతో తట్ట మోసే తల్లులను నేను చూశాను. వారికి వ్యాయామం బోధించడం క్రూరత్వం. బరువులు మోయడం, గంటల తరబడి నిలబడడం నెలలు నిండని కాన్పు ముప్పును పెంచుతాయి గనుక వారికి కావలసినది విశ్రాంతి, కూలి పోకుండా దొరికే విశ్రాంతి. ఒకే వీధిలో ఒక తల్లికి కదలిక మందు, మరొక తల్లికి ఆటవిడుపు మందు. వైద్యుడు మనిషిని చూసి చీటీ వ్రాయాలి.

మనుమరాలికి నేను చివరగా చెప్పినది ఇది: "అమ్మా, ఆ గడియారం లెక్కలు నీ స్నేహితులకు కనిపించకుండా చేసి, పక్కన మీ ఆయనను పెట్టుకుని పరుగెత్తు. మాటల పరీక్షకు మనిషి కావాలి కదా!" పోయిన వారం మళ్ళీ ఫోను చేసింది. ఎనభై ఐదు నిమిషాలు పట్టిందట. దారి పొడవునా పేర్లు ఆలోచించుకున్నారట. అత్తగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అయినా పార్కు దాకా వెంట వచ్చి, వారు పరుగు ముగించేవరకు తానూ నాలుగు చుట్లు నడిచిందట.