ఇంటి వైద్యము: పెంపుడు కోడికి గాయమైనచో

రక్తపు టెరుపును చూచిన తోటి కోళ్ళు గాయమునే పొడిచి చంపగలవు. కావున గాయపడిన కోడిని వెంటనే వేరుపరుపవలెను.

లీటరు నీటిని కాచి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు కలిపి గాయమును కడుగవలెను. చుట్టునున్న ముదురు ఈకలను కత్తిరింపవచ్చును. రక్తముండు లేత ఈకలను తాకరాదు. పిదప పోవిడోన్ అయోడిన్‌ను లేత తేనీటి రంగు వచ్చువరకు నీటితో పలుచన చేసి అద్దవలెను. ఈగలు వాలనీయరాదు.

పక్షుల చీము గట్టిపడి జున్నువలె ఉండును. అది కారలేదని గాయము మానినదని తలపరాదు. పిల్లికాటు చిన్నదైనను ప్రమాదకరమే. పిల్లి కరచినను, పురుగులు పడినను, కండ కనబడినను, మేత మానినను ఇంటి వైద్యము చాలదు. పుదుచ్చేరివారికి కురుంబపేటలో పశువైద్య కళాశాల కలదు. మందులు వాడినచో, వైద్యుడు అనుమతించువరకు పిల్లలకు ఆ గ్రుడ్లు పెట్టరాదు.