మద్దెల మీద నింద

పాత కంప్యూటరు మీద కొత్త గేము నడవకపోతే తప్పు కంప్యూటరుదేనన్న నమ్మకం మనలో బాగా నాటుకుపోయింది. గేము తయారుచేసినవారు ఆ మాటే అంటారు. విడిభాగాలు అమ్మేవారూ ఆ మాటే అంటారు. చివరకు డబ్బు పెట్టి కొన్నవాడు కూడా తన యంత్రాన్నే నిందించుకుంటాడు. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెతను వ్యాపారసూత్రంగా మలచుకున్న పరిశ్రమ ఇది. నా వాదం దీనికి విరుద్ధం. యంత్రానికి వృద్ధాప్యం వచ్చిందని తీర్పు చెప్పేది చాలాసార్లు అమ్మకందారు. ఆ తీర్పును పరీక్షించకుండా జేబులో చెయ్యి పెట్టడం అవివేకం.

2023 సెప్టెంబరులో బెథెస్డా వారి స్టార్‌ఫీల్డ్ విడుదలైంది. పర్సనల్ కంప్యూటర్లకు తగినట్టుగా దాన్ని ఎందుకు మలచలేదని అడిగినప్పుడు, మలిచామనీ, బహుశా మీరే మీ కంప్యూటరును మెరుగుపరచుకోవలసి ఉంటుందనీ దర్శకుడు టాడ్ హోవర్డ్ సెలవిచ్చారు. అదే ఏడాది నవంబరులో అదే సంస్థ విడుదల చేసిన సవరణతో అవే కంప్యూటర్ల మీద ఆ గేము మునుపటికంటె మెరుగ్గా నడిచింది. ఆ రెండు నెలల్లో ఆటగాళ్ల ఇళ్లలోని ప్రాసెసర్లు మారలేదు, గేము రాసిన తీరు మారింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెతకు ఇంతకంటె చక్కని ఆధునిక వ్యాఖ్యానం దొరకదు.

2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ సంగతి ఇంకా విచిత్రం. అందులో సిఫారసు చేసిన కంప్యూటరు మీద 1080 రిజల్యూషన్‌లో సెకనుకు 60 ఫ్రేములు వస్తాయని క్యాప్‌కామ్ ప్రకటించింది. అయితే ఫ్రేమ్ జెనరేషన్ వాడితేనే. అంటే గేము నిజంగా గీసిన రెండు చిత్రాల నడుమ మరొక చిత్రాన్ని గ్రాఫిక్స్ కార్డు ఊహించి చొప్పిస్తుంది. కంటికి కదలిక నునుపుగా తోస్తుంది గాని, బొత్తాం నొక్కినప్పుడు కలిగే స్పందనలో వేగం పెరగదు. పాతయంత్రాలకు ఊతకర్రగా ఉపయోగపడవలసిన విద్యను సిఫారసు పట్టికలోనే కలిపి లెక్క చూపించడం ఏ నీతి?

కార్డులమ్మేవారి ధోరణీ ఇంతే. 2016లో ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 480 కార్డు 8 జీబీ మెమరీతో వచ్చింది. 2025లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 వచ్చింది, దాని మెమరీ కూడా 8 జీబీయే. మన యంత్రం పాతబడిందని పదేపదే గుర్తుచేసేవారు, సామాన్యుడు కొనే ఎన్నో కార్డుల్లో ఈ ఒక్క అంకెను మాత్రం తొమ్మిదేళ్లయినా కదపలేకపోయారు.

ప్రతి కొత్త కోరికా అన్యాయమేనని నేననను. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ ఎస్సెస్‌డీ ఉంది. ఆ వేగాన్ని నమ్ముకుని నిర్మించిన విశాల ప్రపంచాలను తిరిగే హార్డ్‌డిస్కు అందించలేదు. సైబర్‌పంక్ 2077 తన కనీస అవసరాల్లో 2023లో ఎస్సెస్‌డీని చేర్చడంలో అన్యాయమేమీ లేదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేముకు రే ట్రేసింగ్ చేయగల కార్డు తప్పనిసరి. వెలుగు అమరికను ఆ పద్ధతి మీద కట్టారు కనుక ఆ షరతుకూ అర్థముంది. కళకు అవసరమైనదాన్ని అడగడం వేరు, అలసత్వానికి మూల్యం అడగడం వేరు. ఈ విచక్షణ లేకుండా రెండింటినీ పురోగతి అనే ఒకే గాటన కట్టడమే నాకు అభ్యంతరం.

2017 నాటి రెండు కంప్యూటర్ల కథ చూడండి. ఒకదానిలో ఇంటెల్ ఐ5 7400, రెండవదానిలో ఏఎమ్‌డీ రైజెన్ 5 1600. ఆ ఏడాది చివర ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసర్లను తెచ్చింది. సాకెట్టు పేరు అదే 1151, ఆకారమూ అదే, కాని పాత మదర్‌బోర్డు మీద వాటికి అధికారిక ప్రవేశం లేదు. కొందరు ఔత్సాహికులు బయోస్ మార్చి వాటిని పాత బోర్డుల మీదనే నడిపించి చూపించారు. మరోవైపు, రైజెన్ ఉన్నవారు బోర్డు తయారీదారు ఇచ్చిన బయోస్ వేసుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకున్నారు. ఒకే ఏడు పుట్టిన రెండు యంత్రాల్లో ఒకటి ముసలిదైంది, రెండవది యౌవనంలోనే ఉంది. ఈ తేడా తెచ్చింది కాలం కాదు, కంపెనీ నిర్ణయం. ఆ పైన విండోస్ 11 ఆ ఐ5ను అంగీకరించదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది.

అయినా ఆ ఐ5 కంప్యూటరును పారేయనక్కరలేదు. క్రమం తెలిస్తే చాలు. మొదట హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్సెస్‌డీ. తరువాత ఒంటరిగా ఉన్న 8 జీబీ ర్యామ్‌కు జోడీగా మరొక 8 జీబీ. రెండు ఛానెళ్లూ పనిచేయడంవల్ల కుదుపులు తగ్గుతాయి. ఆ బోర్డు అనుమతించే ఐ7 7700 సెకండ్‌హ్యాండ్‌లో సరసమైన ధరకు దొరికితే అదొకటి. గ్రాఫిక్స్ కార్డు చివరి మాట. దానికి ముందు ఎస్‌ఎమ్‌పీఎస్ ఎన్ని వాట్లదో, నాణ్యమైనదో కాదో చూడాలి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన డబ్బాను నమ్మి కొత్త కార్డు తగిలించడం కొరివితో తల గోక్కోవడమే. కార్డు ఎన్ని పీసీఐ లేన్లు వాడుతుందో కూడా అడగండి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు లేన్లే వాడుతుంది కనుక, పాత మూడవ తరం స్లాటులో చాలా గేముల్లో దాని సత్తా తగ్గిపోతుంది.

ఇంత లెక్క ఎందుకు, కొత్తదే కొనుక్కోవచ్చు కదా అని కొందరు తేలిగ్గా అంటారు. పిల్లవాడి ఇంజనీరింగు చదువుకని సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో భాగాలు ఏరి కట్టించిన కంప్యూటరు మీదనే ఇంటిల్లిపాదీ ఆధారపడే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వారికి ఆ మాట అన్నం లేకపోతే పాయసం తినమన్నట్టే ఉంటుంది. పైగా కృత్రిమ మేధ కేంద్రాలు మెమరీ చిప్పులను మింగేస్తుండటంతో 2025 చివరిలో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ, సామాన్యులకు క్రూషియల్ పేరిట చేసే అమ్మకాలను విరమిస్తున్నట్టు ప్రకటించింది. ఇక్కడ కొత్తది కొనమని బోధిస్తూనే అక్కడ సరుకును పెద్ద ఖాతాదారులకు తరలిస్తే, మధ్యవాడు ఏ గంగలో దూకాలి?

పాతయంత్రాలను కనిపెట్టుకుని కూర్చుంటే సాంకేతికత ముందుకు సాగదన్న వాదం నాకు తెలుసు. పరిమితులే శిల్పాన్ని పదునుపెట్టాయన్నది గేముల చరిత్ర చెప్పే పాఠం. 1993లో వచ్చిన డూమ్ నాటి 386, 486 యంత్రాల మీద త్రిపరిమాణ భ్రాంతి కల్పించింది, చూసేవారి కంటికి కనిపించనిదాన్ని గీయకుండా వదిలేసే ఉపాయంతో. ఆ పొదుపు కూడా సాంకేతికతే. దాన్ని మరచినవారు మన జేబులను తమ ఇంజన్లకు ఇంధనం చేసుకుంటున్నారు.

కనుక గేము నడవలేదని తెలిసిన నాడే దుకాణానికి పరుగెత్తకండి. రెండు మూడు నెలలు ఆగండి, సవరణలు రానివ్వండి, సెట్టింగులలో నీడలను ఒక మెట్టు దించి చూడండి. ఆపైన అవసరమైన భాగాన్ని మాత్రమే కొనండి. ఆట బాగోలేనప్పుడు ముందు ఆడేవారి అడుగులు చూడాలి. మద్దెలను విప్పి చూడటం ఆ తరువాతి పని.