కుటీరంలోని సాక్షి

స్కాట్లండ్‌లోని లాక్ లెవెన్ సరస్తీరాన శరదృతువులో ఒక విచిత్ర దృశ్యం గోచరిస్తుంది. పక్షులు స్వేచ్ఛగా విహరిస్తుంటాయి. మానవులు చిన్న కుటీరంలో, సన్నని గవాక్షాల వెనుక, మౌనంగా ఒదిగి కూర్చుంటారు. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ల నుండి గులాబీవర్ణ పాదాలు గల పెద్దబాతులు వేల సంఖ్యలో అక్కడికి చేరుతాయి. ఐస్‌లాండ్ నుండి హూపర్ హంసలూ వస్తాయి. ఆ యేడు పుట్టిన పిల్లలు సైతం తల్లిదండ్రుల వెంట 800 కిలోమీటర్ల సముద్రాన్ని దాటుతాయి.

పరిశ్రాంతమైన ఆ ప్రాణులకు కావలసినవి రెండే: ఆహారం, విశ్రాంతి. మనిషి సమీపిస్తే అవి బెదరి లేచిపోతాయి. లేచిన ప్రతిసారీ శీతకాలానికి అవసరమైన శక్తి వ్యర్థమవుతుంది. దగ్గరగా చూడాలనే కోరికయే చూడవలసిన దానిని చెదరగొడుతుంది. కుటీరం ఉన్నది అందుకే.

ముండకోపనిషత్తు ఒకే వృక్షంపై రెండు పక్షులను చూపుతుంది. ఒకటి ఫలాన్ని భుజిస్తుంది. మరొకటి భుజింపక వీక్షిస్తుంది. మొదటిది జీవుడు, రెండవది సాక్షి. మరి గవాక్షం వెనుక కూర్చున్న ప్రతివాడూ సాక్షియేనా? కాదు. అరుదైన పక్షి కనబడలేదని చింతించేవాడు, మరింత చేరువ ఛాయాచిత్రానికై ఆరాటపడేవాడు ఇంకా మొదటి పక్షియే. అతని భోజ్యం ఫలం కాదు, దృశ్యం, అంతే భేదం. కుటీరం దేహాన్ని మరుగుపరచగలదు గాని కోరికను కాదు.

సాక్షిభావమంటే ఉదాసీనత అనే అపోహ సాధకులలో తరచు కనిపిస్తుంది. ఆ సరస్తీరం దానిని ఖండిస్తుంది. అక్కడ కదలకుండా ఉండటం నిర్లక్ష్యం కాదు, ప్రేమతో కూడిన నిగ్రహం, అదే అహింస.

హంస క్షీరనీరాలను వేరుచేస్తుందన్నది కవిసమయం. లాక్ లెవెన్ హంస నీటిమొక్కలను, పొలాలలో రాలిన ధాన్యాన్ని తింటుంది. వేరుచేయవలసిన బాధ్యత చూసేవానిదే: తన కోరిక ఏది, ఎదుటి ప్రాణి అవసరం ఏది? ఈ వివేకం లేని ధ్యానం నేత్రాలు మూసుకున్న భోగమే అవుతుంది.

సాయంసంధ్యలో పెద్దబాతులు పొలాల నుండి సరస్సుకు మరలి వస్తాయి. కుటీరంలోని మనిషి నిశ్శబ్దంగా లేచి, తలుపు మెల్లగా మూసి వెళతాడు. నీటిపై ఒక్క పక్షి కూడా తల ఎత్తదు. ఆనాటి సాధన ఫలించినదనడానికి అంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.