ఎర్ర చుక్క

"ఏందిరా అబ్బయా, జపానోడి ఇమానం ఇంట్లోకి తెచ్చినావు?"

మా అమ్మ అడిగిన మాట ఇది. ఆమెకు తొంభై దాటాయి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు మళ్లీ బాగుపడింది. వరండాలో నా బల్ల మీద ఆరబెట్టిన ప్లాస్టిక్ విమానాన్ని కాసేపు వంగి చూసి, ఆ మాటంది. నాకు నవ్వొచ్చింది. ఆర్నెల్లు కళ్లు కాయలు కాసేలా కూర్చుని బ్రిటిష్ హరికేన్ తయారుచేస్తే, ఈమె దాన్ని తీసుకెళ్లి జపాన్ వాళ్లకి ఇచ్చేసింది!

"నవ్వబాకు. రెక్క మీద ఎర్రబొట్టు అగపడతా ఉండాది గదా!" అంది.

ఆ ఎర్రబొట్టు సంగతి తర్వాత. ముందు ఈ వయసులో నాకు ఈ బొమ్మల పిచ్చేమిటో చెప్పాలి. వెంకటాచలంలో మా ఇంటి ముందు హైవే. కృష్ణపట్నం పోర్టు లారీల మోతకి మధ్యాహ్నం కునుకు పట్టదు. నిద్రపట్టని మనిషికి చేతిపని కావాలి కదా. మా అబ్బాయి పుట్టినరోజు కానుకగా ఓ కిట్ పంపించాడు. 1/72 సైజు. అంటే ఆరడుగుల మనిషి అంగుళమైపోతాడన్నమాట. నలభై అడుగుల రెక్కలు పదిహేడు సెంటీమీటర్లలో సర్దుకుంటాయి. ఫ్రేములకు అతుక్కుని యాభై అరవై ముక్కలు వస్తాయి. వాటిని కత్తిరించి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, ప్లాస్టిక్ జిగురుతో అంటించాలి. ఈ జిగురు బంకలాంటిది కాదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది. తప్పు అంటిస్తే ఇక ఊడదు. చక్రాల దగ్గర నేను ఆ పని ఒకసారి చేశాను.

హరికేన్ అంటే తుఫాను. నెల్లూరు వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. సిడ్నీ కామ్ అనే ఆయన రూపకల్పన చేస్తే 1935 నవంబరు 6న మొదటిసారి ఎగిరింది. సినిమాల్లో పేరంతా స్పిట్‌ఫైర్‌దే గానీ, 1940లో బ్రిటన్ ఆకాశంలో జరిగిన యుద్ధంలో ఎక్కువ జర్మన్ విమానాల్ని కూల్చింది ఈ మొరటు హరికేనే. నాకు దీనిమీద మోజు పుట్టించింది మాత్రం దాని తోక. ముందు భాగమంతా రేకు. వెనక సగం గుడ్డ! ఉక్కు గొట్టాల చట్రం మీద చెక్క బద్దలు పరిచి, వాటి మీద నార బట్ట లాగి బిగించి, డోప్ అనే ద్రావకం పూసేవాళ్లు. అది ఆరేకొద్దీ బట్ట డోలు చర్మంలా బిగుసుకునేది. తూటా పడితే బట్టకి చిల్లు పడేది, విమానం ఎగురుతూనే ఉండేది. కిందికి దిగాక చిరిగిన చీరకి మాసిక వేసినట్టు అతుకు వేసి మళ్లీ పంపేవాళ్లు. పక్కనే వెంకటగిరి నేత ఉన్న జిల్లా వాణ్ని కదా, గుడ్డతో చేసిన యుద్ధవిమానం అనగానే నాకు ముచ్చటేసింది.

ఆ బద్దల గుర్తుగా బొమ్మ తోక మీద కూడా సన్నటి గట్లు ఉంటాయి. రెండు సగాల మధ్య అతుకు కనపడకూడదని ఎం-సీల్ పెట్టి, ఉప్పుకాగితంతో తెగ రుద్దాను. అతుకుతో పాటు వీపు మీద గట్లూ పోయాయి. ఇంత ముచ్చటపడ్డది నేను, అదే చోట నున్నగా చేసిందీ నేనే!

రంగు దగ్గర అసలు అవస్థ. మే నెలలో మొదలెట్టాను. ఫ్యాన్ వేస్తే దుమ్ము అంటుకుంటుంది. కట్టేస్తే చెమట బొట్టు రెక్క మీద పడుతుంది. రోహిణి కార్తె ఎండకి రంగు డబ్బాలోంచి రెక్క దాకా రాకుండా బ్రష్ మీదే ఎండిపోయేది. నీళ్లు కలిపి పల్చగా మూడు పూతలు వేస్తేగానీ దారికి రాలేదు. పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు కలగలిపిన మచ్చలు. అడుగున లేత బూడిద. చివరికి మెరుగు పూత కొట్టే రోజుకి వానలు పట్టుకున్నాయి. తేమ గాలిలో స్ప్రే కొడితే వార్నిష్ పాలు విరిగినట్టు తెల్లబారిపోయింది. పొడి రోజు కోసం కార్తీకం దాకా కాచుక్కూర్చున్నాను. ఆ మెరుగు మీదే గుర్తులు అంటించాలి మరి. గరుకు మీద అంటిస్తే అడుగున గాలి చేరి వెండిలా మెరుస్తాయి.

ఆ గుర్తుల్ని డెకాల్స్ అంటారు. అర నిమిషం నీళ్లలో నానేసి, కాగితం మీంచి జారవిడవాలి. రెక్కల పైన నీలం వలయం, మధ్యలో ఎర్రటి గుండ్రం. డబ్బా మీద బొమ్మలో ఎలా ఉందో అలాగే వేశాను. ఆ సాయంత్రమే మా అమ్మ వచ్చి ఆ మాటంది.

1942లో ఆమెకి తొమ్మిదేళ్లు. ఆ ఏడాది ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద బాంబులేశాయి. మరునాడు విశాఖపట్నం, కాకినాడ. కొలంబోలో ఎదురు లేవడానికి హరికేన్లు ఉన్నాయి. మన తీరంలో ఒక్కటీ లేదు. మద్రాసు సగం ఖాళీ అయింది. అమ్మ వాళ్ల పెద్దమ్మ కుటుంబం రైల్లో గూడూరు దాకా వచ్చి, అక్కణ్నుంచి ఎడ్లబండి కట్టించుకుని, ఉట్టిలో పెరుగుకుండతో సహా ఊళ్లో దిగింది. "రెక్క మీద ఎర్రబొట్టు ఉంటే జపానోడు, మంచం కిందకి దూరండి" అని పిల్లలకి పాఠం చెప్పేవాళ్లట. అమ్మ జన్మలో జపాన్ విమానాన్ని చూడలేదు. పాఠం మాత్రం ఎనభై ఏళ్లు దాటినా మర్చిపోలేదు.

నవ్వాపుకుని పుస్తకాలు తిరగేస్తే నా నోరు మూతపడింది. తప్పు అమ్మది కాదు, నాది. ఇంగ్లండు ఆకాశంలో ఆ ఎర్ర చుక్క ఉన్నా పర్వాలేదు. ఇటువైపు కంగారులో కింద నుంచి తుపాకీ పేల్చేవాడికి, పక్కన ఎగిరే సొంత పైలట్‌కి కూడా, ఎరుపు కనపడితే జపానే. సొంతవాళ్ల చేతిలోనే చచ్చే ప్రమాదం. అందుకే 1942, 43లలో భారత్, బర్మాల్లోని బ్రిటిష్ విమానాల మీద ఎరుపుని తెలుపుతో కప్పేశారు. తర్వాత అక్కడ లేత నీలం వచ్చింది. అమెరికా కూడా 1942 మేలో తన తెల్ల నక్షత్రం మధ్యనున్న ఎర్ర చుక్కని తీసిపారేసింది. ప్రభుత్వాలు ఉత్తర్వులిచ్చి సరిచేసుకున్న సంగతిని మా అమ్మ ఒక్క చూపులో పట్టేసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తగిలింది. యుద్ధం చందాలిచ్చినందుకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 79, 234, 264 నంబర్ల స్క్వాడ్రన్లకి 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అని పేరు పెట్టారు. నిజాం పేరుమీద హైదరాబాద్ స్క్వాడ్రన్లు ఉన్నాయని చాలామందికి తెలుసు. మన జిల్లా అప్పట్లో ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా! వీటిలో 79వ స్క్వాడ్రన్ 1942లో మన దేశానికే వచ్చి, హరికేన్లతో బర్మా సరిహద్దులో పోరాడింది. 1944లో థండర్‌బోల్ట్ విమానాలకు మారింది.

ఈ ముక్క చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా నాయన పది రూపాయలిచ్చినాడు. రశీదిచ్చినారు. ఇయ్యకపోతే శిస్తు కాడ సతాయిస్తారని ఇచ్చినాడు గానీ, వాళ్ల మీద పేమతో గాదు. ఆ ఏడు సంకురాత్రికి మాకెవురికీ కొత్త గుడ్డల్లేవు."

అప్పట్లో యుద్ధవిమానం కానుక ఇవ్వాలంటే చందా ఐదువేల పౌన్లని లెక్క. రూపాయికి పద్దెనిమిది పెన్నీల మారకం మీద దాదాపు 66,667 రూపాయలు. అందులో పది రూపాయలంటే 6,667వ వంతు. నా బొమ్మ పొడవులో ఆ వాటా ఎంతో లెక్కేస్తే రంగు పూత మందమంత కూడా రాలేదు. ఆ లెక్క అమ్మకి చెప్పలేదు.

మర్నాడు బొమ్మని మళ్లీ బల్లెక్కించాను. అంటించిన డెకాల్ పీకితే కింద రంగు లేచొస్తుంది కాబట్టి ఎరుపు మీదే తెలుపు వేశాను. మొదటి పూతకి గులాబీ రంగై కూర్చుంది, మూడో పూతకి లొంగింది. గుండ్రం అంచు కాస్త వంకర పోయింది. అయినా ఎండలో నిచ్చెనెక్కి బ్రష్‌తో పూసిన ఆనాటి కుర్రాళ్ల చేతిపని మాత్రం అంత తీరుగా ఉండుంటుందా?

అమ్మ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గుడ్డ యాడుండాదిరా?" అని అడిగింది. తోక చూపించాను. నేను నున్నగా అరగదీసిన చోటే బొటనవేలితో రాసింది. "మా గుడ్డలు ఈడికొచ్చినాయన్నమాట" అంది.

ఇప్పుడది టీవీ పక్కన అద్దాల బీరువాలో ఉంది. పని ఇంకా పూర్తికాలేదు. రెక్కల చివర దీపాలు మిగిలాయి. కుడివైపు దీపం ఆకుపచ్చ, వేసేశాను. ఎడమవైపుది ఎరుపు. ఆవగింజంతే గానీ, అమ్మనడగాలి.