మందుకన్న ముందు భూతద్దము



రాచర్ల, గిద్దలూరు ప్రాంతములలో అలసంద చేలకు పేనుబంక పట్టినప్పుడు, పసుపు నలుపు చారల ఈగలు మొక్కలపై గాలిలో నిలిచి ఆడుచుండును. పైరును పాడుచేయునవి ఇవియేయని తలచి మందు చల్లుట తొందరపాటు.

ఒకదానిని పట్టి భూతద్దముతో చూడుడు. తేనెటీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. వెనుక రెక్కల చోట సన్నని కాడలపై రెండు గుబ్బలుండును. వీటిని హాల్టియర్లందురు. ఎగురునప్పుడు ఈగ అదుపు తప్పకుండ కాపాడునవి ఇవే. దోమకు, ఇంటి ఈగకు కూడ ఇవి కలవు. కావున గుబ్బలతోపాటు చారలను, గాలిలో కదలక నిలుచుటను కూడ గమనించినచో అది సిర్ఫిడ్ ఈగయని పోల్చుకొనవచ్చును.

కాళ్లులేని, జలగవంటి దీని పిల్లపురుగు బంక నడుమనే పెరుగుచు వందలకొలది పేనుబంక పురుగులను తినివేయును. మందు చల్లినచో బంకతోపాటు ఇదియు చచ్చును.

గ్రామోద్యోగులు మందు సీసాకన్న ముందు రైతుకు భూతద్దము చూపవలెనని నా అభిప్రాయము. మందు ఖర్చు రైతుదే. చచ్చెడి మిత్రుడును రైతుకే నష్టము. బంక హెచ్చి, ఈ పిల్లపురుగులు కానరానప్పుడే మందు మాట తలపెట్టుడు.