బూజు ఎవరి తప్పు?

తెలుగులో బూజు అనే మాటను రెండు వేరు వేరు వాటికి వాడతాం. ఇంటి మూలల్లో వేలాడే దుమ్ము పట్టిన సాలెగూడు ఒకటి. నిలవ రొట్టె మీద, పచ్చడి మీద, వానాకాలంలో గోడ మీద తెల్లగానో పచ్చగానో నల్లగానో పట్టేది రెండోది. మొదటిది చెత్త. రెండోదానికి ప్రాణం ఉంది. అది శిలీంధ్రం, అంటే పుట్టగొడుగుల కుటుంబానికి చెందిన జీవి. పేరు ఒకటే కనుక రెండింటినీ పొడి చీపురుతో దులిపేస్తాం. సాలెగూటికి అది సరిపోతుంది. శిలీంధ్రం విషయంలో అది విత్తనాలు చల్లినట్లే అవుతుంది. ఆ విత్తనాలను సిద్ధబీజాలు అంటారు. అవి కంటికి కనపడవు. గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. మీ ఇంట్లోనూ ఉన్నాయి, కలెక్టరుగారి ఇంట్లోనూ ఉన్నాయి. తడి, గాలి, కొంచెం ఆహారం దొరికిన చోట మొలకెత్తుతాయి.

ఇంత తేలిక సంగతిని వదిలేసి, మనం మనుషుల మీద తప్పు మోపుతున్నాం. నా అభ్యంతరం అక్కడే.

ఆవకాయ జాడీ మూత తీయగానే పైన తెల్లటి పొర కనపడిందనుకోండి. చాలా ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఏమిటి? “బయట ఉన్నప్పుడు ఎవరు ముట్టుకున్నారు?” అంతే. కోడలో, కూతురో తల వంచుకుంటుంది. తడి గరిటె పెట్టిన మగవాణ్ణి ఎవరూ అడగరు. నెలసరి శరీర ధర్మం. దానివల్ల చేతి నుంచి పచ్చడిలోకి వెళ్లే విషం ఏదీ లేదు. పచ్చళ్లు తయారు చేసి అమ్మే చోట్ల ఎందరో స్త్రీలు నెలంతా పనిచేస్తారు. వారిలో ఎవరు ఏ రోజు బయట ఉన్నారో జాడీకి తెలియదు.

అలాగని పెద్దలు చెప్పిందంతా మూఢనమ్మకమని కొట్టిపారేయడం కూడా నాకు ఇష్టం లేదు. మామిడికాయలు కడిగి తడి లేకుండా పొడిగుడ్డతో తుడవమన్నారు. జాడీని ఎండలో పెట్టమన్నారు. ముక్కల మీద నూనె తేలేట్లు పోయమన్నారు. ఇవన్నీ నిజాలే. ఉప్పు ఎక్కువగా ఉంటే శిలీంధ్రానికి నీరు అందదు. పైన నూనె ఉంటే గాలి అందదు. నూనె తగ్గి ముక్కలు పైకి తేలిన చోటే బూజు పడుతుంది. మరి ఇంత బాగా తెలిసిన పెద్దలే, ఆ పక్కనే ఆడవాళ్ల మీద నింద కూడా పెట్టారు. రెండింటినీ వేరు చేసుకోవలసిన పని మనది.

ఇక బూజు పట్టిన పదార్థాన్ని ఏం చేయాలి? “పైపొర తీసేసి వేడి చేస్తే సరి” అంటారు. మెత్తగా, తడిగా ఉన్న పదార్థంలో పైకి కనిపించేది కొంతే. సన్నని దారాల వంటి భాగాలు లోపలికి పాకి ఉంటాయి. వేడికి శిలీంధ్రం చస్తుంది. కానీ కొన్ని శిలీంధ్రాలు తయారు చేసే విషం వంటింటి వేడికి పోదు. వేరుశనగ, మొక్కజొన్న, మిరప వంటి వాటిలో పుట్టే అఫ్లాటాక్సిన్ అటువంటిది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, వాటి దాణాలో కలిసిన వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. అది కోళ్ల సంగతి. మన దేశంలో 1974లో రాజస్థాన్ లోని బాంస్వాడా, గుజరాత్ లోని పంచమహల్ ప్రాంతాల గిరిజన గ్రామాలలో కోతల వేళ వానలకు మొక్కజొన్న తడిసి బూజు పట్టింది. వారికి తినడానికి మరో గింజ లేదు. కామెర్లు, పొట్ట ఉబ్బడం వచ్చి వందమందికి పైగా మరణించారు. వారితోపాటు అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ గ్రామాలకు వెళ్లి పరిశీలించి కారణం అఫ్లాటాక్సిన్ అని చెప్పారు. ఈ విషం కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయానికి క్యాన్సర్ కూడా వస్తుంది.

“మనం తినకపోతే పోనీ, గేదెకు పెడదాం” అనే అలవాటు మనలో ఉంది. పారేయడానికి మనసు ఒప్పదు. ఆ పొదుపును నేను వెక్కిరించను. కానీ గేదె తిన్న అఫ్లాటాక్సిన్ లో కొంత భాగం రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలు కాచినా పోదు. ఆ పాలు తాగేది మన పిల్లలే. కాబట్టి ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదుగా ఉన్న పలుకులు ఏరి పారవేయండి. దాణాలో కలపకండి, గానుగకూ పంపకండి.

భయం కూడా అతిగా ఉండకూడదు. 2021లో కోవిడ్ రెండో విడత సమయంలో, ఉల్లిపాయ పొరల మీది నల్లమచ్చ, ఫ్రిజ్ రబ్బరు మీది నలుపు చూసి ‘బ్లాక్ ఫంగస్’ అని జనం బెదిరిపోయారు. ఆ జబ్బు తెచ్చే శిలీంధ్రాలు వేరు. అది ముఖ్యంగా అదుపులో లేని మధుమేహం ఉన్నవారికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువగా వాడినవారికి వచ్చింది. ఉల్లి మీది నల్లపొడిని కడిగేసి, ఆ పొరలు తీసేస్తే చాలు.

గోడల మీది బూజు వేరే కథ. దానితో దగ్గు, తుమ్ములు, ఆయాసం పెరుగుతాయని, చెమ్మ ఇళ్లలో ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. బ్లీచింగ్ పౌడరును, స్నానాల గది కడిగే యాసిడ్ ను మాత్రం ఎన్నడూ కలపకండి. వాటి నుంచి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బూజు మీద రంగు వేసి దాచేయడం డబ్బు దండగ. పాత రోజుల్లో ఏటా వేసిన సున్నం కొంత మేలు చేసేది. కొత్త సున్నం ఘాటుకు శిలీంధ్రం తట్టుకోలేదు. ఆ ఘాటు కొంతకాలానికి పోతుంది కనుకనే మళ్లీ వేయవలసి వచ్చేది.

అయితే చెమ్మ ఎక్కడిదో తెలియకుండా ఎంత తుడిచినా లాభం లేదు. అద్దె ఇళ్లలో తగాదా ఇక్కడే. “మీరు గదిలో తడిబట్టలు ఆరేస్తారు” అంటారు ఇంటివారు. “మీ కప్పు కారుతోంది” అంటారు అద్దెవారు. మీరే పరీక్షించి చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ కాగితాన్ని బూజు పట్టిన చోట గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు ఉంచండి. నీటిచుక్కలు కాగితానికి గది వైపున పడితే తేమ గదిలోని గాలిది. కిటికీ తెరవాలి, బట్టలు బయట ఆరేయాలి. చుక్కలు గోడ వైపున పడితే నీరు గోడలోంచి వస్తోంది. అప్పుడు ఆ కాగితం విప్పకుండానే ఇంటివారిని పిలిచి చూపించండి.