బడిలో నాదము: ఎవరి పాట? ఎవరి పిల్లలకు?

వేదాధ్యయనమునకు ప్రథమసోపానము అర్థజ్ఞానము కాదు, శ్రవణము. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి అక్షరము, స్వరము, కాలపరిమాణము, ఉచ్చారణబలము, సమత్వము, సంధానము అను ఆరింటిని శిక్షాశాస్త్రముగా నిరూపించినది. ఆ ‘శిక్ష’ అను పదమే నేటి తెలుగులో దండనార్థమున స్థిరపడినది. స్వరము తొలగిన విద్యలో మిగులునది దండనయే యని భాష మనకు జ్ఞాపకము చేయుచున్నట్లున్నది.

ఆస్తికలోకములో ఇటీవల ఒక అభిప్రాయము తరచుగా వినవచ్చుచున్నది. బడులలో సంగీతమును తప్పనిసరి చేయవలెననియు, అన్నమాచార్య త్యాగరాజాదుల కీర్తనలను పిల్లలచే కంఠస్థము చేయింపవలెననియు దాని సారాంశము. ఇందు పూర్వార్ధము నాకు సమ్మతము, ఉత్తరార్ధము సమ్మతము కాదు. నిత్యము దేవునియెదుట కీర్తన వినువాడనై యుండియు ఇట్లు చెప్పుటకు కారణములు కలవు. ముందుగా దేశాంతరముల అనుభవమును పరికింతము.

హంగరీదేశమున స్వరకర్త జొల్తాన్ కొడాయ్ (1882–1967) బిడ్డకు భాషయందువలెనే సంగీతమునందును ఒక మాతృభాష కలదనియు, అది ఆ నేల జానపదగేయమనియు ప్రతిపాదించెను. వాద్యము కంటె ముందు కంఠము అనునది ఆయన క్రమము. 1950లో కెచ్కెమేత్ పట్టణమున ఆ పద్ధతిని అనుసరించు ప్రాథమికపాఠశాల ఆరంభమైనది. ఆ బోధలో ‘డో’ స్థిరమైన శ్రుతి కాదు, మన షడ్జమువలె పాడువాని ఆధారమును బట్టి మారును.

జపానుదేశము 1872 నాటి విద్యాశాసనముననే గానమును పాఠ్యాంశముగా పేర్కొన్నది. 1880లో అమెరికానుండి లూథర్ మేసన్ అను బోధకుని రప్పించి, పాశ్చాత్యబాణీలకు జపానుపదములు కూర్చి నేర్పినది. బడిలో పిల్లలు పాడనేర్చిరి గాని, స్వదేశసంగీతము చిరకాలము బడిగడప వెలుపలనే నిలిచినది. తుదకు 2002 నుండి మాధ్యమికపాఠశాలలలో స్వదేశవాద్యపరిచయమును విధిగా చేర్చవలసివచ్చినది. ఇంగ్లండులో వివాదము వేరు. 2010లో ఉన్నతపాఠశాలలను కొలుచుటకు ఏర్పరచిన విషయపట్టికలో కళలకు చోటు లేకపోయెను. కొలవబడనిది క్షీణించునని అచటి సంగీతోపాధ్యాయులు వాపోయిరి. పొరుగున సింహళద్వీపమున విద్యార్థి ప్రాచ్య, కర్ణాటక, పాశ్చాత్య సంగీతములలో ఒకదానిని ప్రభుత్వపరీక్షకు ఎంచుకొనవచ్చును. ఒకే దేశము మూడు సంప్రదాయములకు సమానముగా పీట వేసినది.

ఇక మన సంగతి. విజయనగరమున 1919లోనే సంగీతకళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచట ఆచార్యులై, పిదప అధ్యక్షులైరి. 2009 విద్యాహక్కు చట్టము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు నూరుమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్యాబోధకుని, తాత్కాలికవేళలకైనను, విధించినది. 2020 జాతీయవిద్యావిధానము పాఠ్యము, సహపాఠ్యము అను భేదమునే తొలగింపుమన్నది. శాసనమునకు లోటు లేదు, గురువునకే లోటు. మా దువ్వాడ ప్రాంతమున నేనెరిగిన బడులలో కళలకు కేటాయించిన వేళ గణితమునకో భౌతికశాస్త్రమునకో సమర్పితమగుట వింత కాదు. నెలనెలా రుసుము చెల్లింపగల ఇంటి బిడ్డ సాయంకాలము సరళీస్వరములు నేర్చుచున్నది. కర్మాగారమున దినకూలికి పోవువాని బిడ్డకు షడ్జమనగానేమో తెలియదు. నాదము బ్రహ్మమని చెప్పు మనము ఆ బ్రహ్మమును రుసుము గలవారికి మాత్రమే విడిచిపెట్టుట ధర్మమా?

అట్లయిన కీర్తనలనే ఏల నేర్పరాదు? మొదటి కారణము సంప్రదాయమే. పురందరదాసులవారు ఏర్పరచినదని మనము అనుసరించు క్రమమున మాయామాళవగౌళలో సరళీస్వరములు, అలంకారములు, గీతములు గడచిన పిమ్మటనే కృతి. చెవి సిద్ధము కాకుండ కృతిని కంఠస్థము చేయించిన, మిగులునవి అక్షరములే. రెండవది, కీర్తన ఉపాసనారూపము. ఉపాసనకు శ్రద్ధ మూలము. శ్రద్ధను హాజరుపట్టీతో పుట్టింపజాలము. ఉక్కునగరపు బడులలో నానారాష్ట్రముల, నానామతముల పిల్లలు ఒకే బల్లపై కూర్చుందురు. కరవదిలో జన్మించిన షేక్ చిన మౌలానాగారు నాదస్వరముతో శ్రీరంగనాథుని సేవించిరి. ఆయనను నాదమే పిలిచినది, నిర్బంధము కాదు.

మూడవది శాస్త్రసమ్మతమైన హేతువు. నారదీయశిక్ష సప్తస్వరములను మయూర, వృషభ, అజ, క్రౌంచ, కోకిల, అశ్వ, గజ కంఠములతో అన్వయించినది. స్వరము సృష్టి యంతటిదని దీని తాత్పర్యము. కనుక బడిలో జోలపాటతోను, నాట్లపాటతోను మొదలిడుదము. ఉత్తరాంధ్రకు సొంతమైన తప్పెటగుళ్ళు, జముకులకథ కలవు. తప్పెటగుళ్ళవారు అడుగు వేసి చూపు లయను మించిన తాళపాఠము ఏ పుస్తకమున దొరకును? వారిని గౌరవవేతనముతో బడికి పిలుచుట సంస్కృతిరక్షణ కాదా?

‘ఇట్లయిన మన పిల్లలు భక్తిసాహిత్యమునకు దూరమగుదురు గదా’ యని కొందరు శంకింతురు. ఆ శంకకు సమాధానము చెప్పవలసినది బడి కాదు, గృహము, దేవాలయము. ధనుర్మాసమున ఆలయమునకు వచ్చు బాలబాలికలకు పాడవలెనను ఉత్సాహము మెండు, శ్రుతి నిలుపు అభ్యాసము మృగ్యము. బడి చెవిని తీర్చిన, ఆలయము హృదయమును తీర్చగలదు. ఈ రెండు పనులను ఒకరిపైననే మోపిన, రెండును చెడును.

నా మనవి స్వల్పము. దినమునకు ఇరువది నిమిషములు, మార్కులు లేక, పోటీ లేక, ప్రతి తరగతియు కలసి పాడవలెను. విజయనగరమువంటి కళాశాలలలో చదివి జీవనోపాధి వెదకుకొనుచున్న యువవిద్వాంసులను మూడు నాలుగు బడులకు ఒకరి చొప్పున నియమింపవలెను. ప్రతి ఆలయము వారమున ఒక సాయంకాలము శ్రుతిపెట్టెతో మంటపమును పిల్లలకు విడిచిపెట్టి, ఇచ్ఛగలవారికి కీర్తనలు నేర్పవలెను. పాఠ్యక్రమవివాదములను ప్రభుత్వములు తేల్చువరకు మన మంటపములు వేచియుండనక్కరలేదు.

స్వస్తి.